నాలుగో హద్దు

ఖైతాన్, కువైట్
11 ఏప్రిల్ 1982

అక్కా,

ముందు తిట్లు తినేస్తాను, తర్వాతే కబుర్లు. నెలన్నర నుంచి ఉత్తరం రాయలేదు. కారణం బద్ధకం తప్ప ఇంకేం లేదు. అమ్ఘరాలో టైల్సు గోదాం పని ముగించుకుని గదికి వచ్చేసరికి చేతులు పైకి లేవవు. కానీ నీ జాబు అందినప్పటి నుంచీ జీనత్ జ్వరమే నా బుర్రలో తిరుగుతోంది. మూడు వారాలైనా దిగని జ్వరం ఏం జ్వరం? కడప పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని బావకు చెప్పు. బాబ్జాన్ బావ ఎద్దుకు జబ్బు చేస్తే ఆ పూటే పరిగెత్తుతాడు, కూతురి దగ్గరికొచ్చేసరికి 'చూద్దాంలే' అంటాడు. ఈ మాట ఆయనకు చదివి వినిపించినా నాకేం భయం లేదు.

నువ్వు అడిగినట్టే ఇక్కడి మసీదు ఇమాం గారిచేత దువా రాయించాను. బీహారు మనిషి, చేయి మంచిదంటారు. రెండే పంక్తులు. కింద జీనత్ పేరు, తల్లిగా నీ పేరు వేశారు. రోజూ నలభై ఒక్కసారి చదివి బిడ్డ మీద ఊదాలి. రెండో శుక్రవారం ఆ కాగితం నీళ్లలో వేసి, సిరా కరిగాక ఆ నీళ్లు తాగించాలి.

ఇంకో సంగతి. నాకు ఇక్కడ ఒక చీనా స్నేహితుడు దొరికాడు. నవ్వొద్దు. మా గోదాం పక్కనే చీనా కంపెనీ వాళ్ల క్యాంపు ఉంది, అరవై మంది. అందులో ఒకడు శుక్రవారం నమాజులో నా పక్కనే నిలబడ్డాడు. పేరు యూనుస్. చీనాలో సాయిబులేమిటని నేనూ నోరు తెరిచాను. వాళ్లది చింగ్‌హై అనే రాష్ట్రం, హొయాంగ్ హో నది ఒడ్డున కొండల మధ్య ఊరు. కొండ మీద టిబెట్ వాళ్లు, బజారులో చీనా భాష మాట్లాడే సాయిబులు, ఆపైన గొర్రెలు మేపే మంగోలులు. ఒక్కొక్కరిది ఒక్కో మాట. వీళ్లను సాలార్లంటారట, పట్టుమని పది పదిహేను ఊళ్లు. వాళ్ల భాష తుర్కీకి చుట్టం. దానికంటూ లిపి లేదు, పెద్దవాళ్లు మన ఖురాను అక్షరాల్లోనే రాసుకుంటారు. క్యాంపులో అతని మాట తెలిసినవాడు ఒక్కడూ లేడు. మసీదులో మామ నేర్పిన అరబ్బీ అతనిది, గోదాములో నేర్చిన అరబ్బీ నాది. ఈ రెండింటితో నెట్టుకొస్తున్నాం.

ఒకరోజు ఇక్కడి ఇసుకను తిట్టుకుంటుంటే ఒక కథ చెప్పాడు. వాళ్ల తాతల తాతలు సమర్‌ఖందు నుంచి వస్తూ ఒంటె మీద ఖురాను, ఒక సంచిలో సొంతూరి మన్ను, ఒక తిత్తిలో నీళ్లు తెచ్చుకున్నారట. ప్రతిచోటా ఆ మన్నుతో అక్కడి మన్ను సరిచూసుకుంటూ నడిచి, సరితూగినచోట ఆగిపోయారట. మీ మన్ను ఎలాంటిదని నన్నడిగాడు. ఎర్రమన్ను, మిరపకాయలు బాగా పండుతాయన్నాను. వాళ్ల ఊళ్లోనూ మిరపకాయలేనట, మిద్దెల మీద ఆరబోస్తారట. అప్పటి నుంచి అన్నం కలిసి తింటున్నాం.

ఇప్పుడు అతనికొక పెద్ద చిక్కు. అతని చిన్నతనంలో ఊరి పొలాలన్నీ ఉమ్మడి చేశారు. ఈ ఏడు గోధుమ కోతలయ్యాక మళ్లీ ఇంటింటికీ పంచుతున్నారు. పాత పొలం నాలుగు హద్దులూ సరిగ్గా చెప్పినవాళ్లకు ఆ ముక్కే ఇవ్వాలని వాళ్ల ఊరి పెద్దలు మాట అనుకున్నారట. తండ్రి పోయేముందు యూనుస్‌ను వెంటబెట్టుకుని ఆ హద్దులు నడిపించాడు. ఇంకెవరికీ తెలియదు. తల్లికి చూపు లేదు, తమ్ముడు అప్పటికి పుట్టలేదు. కంపెనీతో ఒప్పందం ముగిసేదాకా ఇతను కదల్లేడు. అందుకని హద్దులన్నీ వాళ్ల భాషలో రాశాడు. మసీదులోనే కూర్చుని ఇమాం గారి కాగితం, ఇమాం గారి కలం తీసుకుని రాశాడు. తల్లికి చదివి వినిపించే ముసలి మామ తడబడకూడదని జేర్, జబర్ అనే అచ్చుల గుర్తులన్నీ పెట్టాడు. కంపెనీ టపా సంచిలో వేస్తే రెండు నెలలకొకసారి కదులుతుందని నన్ను పోస్టు చేయమన్నాడు. ఒకటి చినిగితే ఇంకొకటని రెండు కవర్ల మీద చిరునామా రాసిచ్చాడు.

అతని జాబు, నీ దువా రెండూ జేబులోనే ఉన్నాయి. పోస్టాఫీసులో నిలబడి ఇది ముగిస్తున్నాను. బస్సు వచ్చేస్తోంది. జీనత్ బుగ్గ మీద నా బదులు ఒక ముద్దు పెట్టు.

నీ తమ్ముడు
హుస్సేన్ పీరా


రాయచోటి
1 మే 1982

పీరా,

కాగితం అందింది. రెండే పంక్తులని రాశావు, ఇక్కడ విప్పితే పేజీ నిండా ఉంది. లెక్కలు నీకు చిన్నప్పుడే రావు కదా. ఇమాం గారు దయతలచి ఎక్కువే రాశారనుకున్నాను. జీనత్ పేరు మాత్రం కనబడలేదు, మరిచారేమో. బిస్మిల్లా తప్ప ఒక్క ముక్క కూడా నేను చదివిన ఖురాను సూరాల్లో లేదు. కొన్ని అక్షరాలకు మూడేసి చుక్కలున్నాయి. కువైట్‌లో అలాగే రాస్తారు కాబోలు. మన మసీదు అబ్దుల్ ఖుద్దూస్ హజ్రత్‌కు చూపించలేదు. ఆయన కట్టిన తాయెత్తు ఉండగానే పరదేశం నుంచి దువా తెప్పించానంటే ముఖం మాడ్చుకుంటాడు.

మొదటిరోజు నలభై ఒక్కసార్లు చదివేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాలుక తిరగలేదు. మూడో రోజుకు చూడకుండానే వచ్చేసింది. ఇప్పుడు కారం దంచుతున్నా అదే నోట్లో ఆడుతోంది. 'యెర్' అనే మాట మాటిమాటికీ వస్తుంది. అల్లా పేర్లలో ఒకటేమో, నాకు తెలియదు. జీనత్‌కు ఆ మాట పట్టుబడింది. "అమ్మా, యెర్ దువా చదువు" అని అడిగి మరీ వింటోంది. అది చదివితేనే కన్ను మూస్తోంది.

నీ మాటలు బావకు చదివాను. కోప్పడలేదు. మారుమాట లేకుండా కడపకు తీసుకెళ్లాడు. ఆయన అలా ఊరుకోవడం చూసే నాకు ఎక్కువ భయమేసింది. జ్వరం మెదడుకు పాకిందని డాక్టరు చెప్పాడు. ఇంటికి తీసుకొచ్చేశాం. వచ్చే శుక్రవారం కాగితం నీళ్లలో వేస్తాను.

నీ చీనా స్నేహితుడి సంగతి సిద్ధయ్య మాస్టారికి చెప్పాను. బడిలో అట్లాసు తెరిచి హొయాంగ్ హో చూపించారు. ఆ నది పొంగి ఊళ్లకు ఊళ్లే తీసుకుపోతుందట. మన పాపాఘ్నిలో నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో. అతని పొలం అతనికి దక్కాలని నమాజులో అడుగుతున్నానని చెప్పు.

అక్క
మస్తాన్ బీ


ఖైతాన్
15 మే 1982

అక్కా,

ఈ జాబు చేరేసరికి ఆ కాగితం ఇంకా ఉంటే నీళ్లలో వేయొద్దు. తడి తగలనీయొద్దు. మడిచి పెట్టెలో పెట్టు. టెలిగ్రాం ఇద్దామని వెళ్లాను, అక్కడి వాడికి ఏం చెప్పాలో నాకే తెలియక తిరిగొచ్చాను.

అది దువా కాదు. యూనుస్ పొలం జాబు. రెండూ ఇమాం గారి నీలిగీతల కాగితాలే, రెండూ నాలుగు మడతలు. బస్సు వస్తోందని చూడకుండా కవర్లలో దూర్చేశాను. నీ దువా చీనాకు పోయింది. నేను ఎంత దద్దమ్మనో నీకు తెలుసు, కానీ ఇంత అని నాకే తెలియదు.

యూనుస్ ఉంటే ఇంకో కాగితం రాయించేవాణ్ణి, కాళ్లు పట్టుకునైనా. ఏప్రిల్ ఇరవై ఐదున పైపులు వేసే గుంతలో దిగాడు. పక్క మట్టి విరిగి మీద పడింది. తీసేసరికి ప్రాణం లేదు. అంతకు మూడు రోజుల ముందు గోదాం గేటు దగ్గర కనిపించి, జాబు వేశావా అని అడిగాడు. "వేశాను, ఖలాస్" అన్నాను. భుజం తట్టి పోయాడు. కంపెనీ వాళ్లు ఇక్కడే సులైబిఖాత్ స్మశానంలో పాతిపెట్టారు. మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ హద్దులు ఇప్పుడు లోకంలో ఆ ఒక్క కాగితం మీదే ఉన్నాయి. రెండో కవరు నా దగ్గరుంది. కాగితం వెంటనే పంపు. కోతలయ్యేలోపు చేరాలి. నీకు వేరే దువా రాయించి ఇందులో పెట్టాను, ఈసారి మూడుసార్లు చూసి పెట్టాను.

జీనత్ ఎలా ఉంది? ఒక్క ముక్క రాయి.

పీరా


రాయచోటి
8 జూన్ 1982

తమ్ముడికి,

జాబు అందింది. మేమందరం ఉన్నాం. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. బావ పనికి పోతున్నాడు.

జీనత్ గురించి దిగులు పడొద్దు. ఇప్పుడు జ్వరం లేదు. నొప్పి కూడా లేదు.

కాగితం జాగ్రత్తగానే ఉంది. ఎక్కడ పెట్టానో వెతికి పంపుతాను. నీ స్నేహితుడి సంగతి విని బాధపడ్డాం. నువ్వు గుంతల దగ్గరికి పోవద్దు.

మస్తాన్ బీ


ఖైతాన్
2 జూలై 1982

అక్కా,

నీ జాబు చదివినరోజే నాకు అనుమానం వచ్చింది. నన్ను తిట్టకుండా నువ్వు ఒక్క ఉత్తరమూ రాయలేదు ఇన్నేళ్లలో. అయినా జ్వరం తగ్గిందన్న మాట పట్టుకుని సంతోషపడ్డాను. ఎర్ర బూట్లు కొన్నాను, ఆరేళ్ల పిల్లకు ఎంత కావాలో అంగడివాడికి చేత్తో చూపించి మరీ.

నిన్న మన రాయచోటి మద్దిలేటి కొత్తగా మా గోదాంలో చేరాడు. వస్తూనే నా చేతులు పట్టుకుని, మేనకోడలి విషయం విన్నానన్నాడు. ఏ విషయం అన్నాను. పాపం, అతనే చెప్పాల్సి వచ్చింది. మే పదో తారీఖున పోయిందట. నేను ఎవరికో కాగితం కోసం నీకు జాబు రాస్తున్న పదిహేనో తారీఖుకు నా బిడ్డ మట్టిలో ఉంది.

నాకెందుకు చెప్పలేదు? దూరాన ఉన్నవాణ్ణి ఏడిపించడమెందుకనా? ఇక్కడ ఏడవడానికి చోటు లేదనుకున్నావా? గోదాంలో ఒక మూల ఖాళీ పెట్టెలుంటాయి. నిన్న అక్కడే కూర్చున్నాను. ఎవరూ కదిలించలేదు. 'జ్వరం లేదు, నొప్పి లేదు' అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయే అక్కా? కోపంతో రాస్తున్నాను, తెలుసు. నీ ముందు ఉంటే నీ ఒళ్లో తల పెట్టి ఉండేవాణ్ణి.

కాగితం సంగతీ నిజం చెప్పు. ఉందా లేదా?

పీరా


రాయచోటి
25 జూలై 1982

పీరా,

లేదు.

మే ఏడు, శుక్రవారం, కొత్త గిన్నెలో నీళ్లు పోసి కాగితం వేశాను. సిరా అంతా కరిగి నీళ్లు నీలంగా అయ్యాయి. చెంచాతో తాగించాను. మూడు చెంచాలు మింగింది. ఆదివారం నన్ను గుర్తుపట్టలేదు. సోమవారం పొద్దున పోయింది. ఆఖరు నిమిషం దాకా ఆ దువానే చదివాను. అదే కావాలని అడిగింది కదా, అది విని నిద్రపోయేది కదా.

తర్వాత పద్దెనిమిది రోజులకు నీ జాబు వచ్చింది. చదివి కాసేపు నాకేమీ అర్థం కాలేదు. పోయే బిడ్డ చెవిలో తల్లి కలిమా చదవాలి పీరా. నేను ఎవరో చీనా మనిషి పొలం కాగితం చదివాను. నువ్వు ఏదో తొందరలో చేశావు, నాకు తెలుసు, నిన్ను అనను. కానీ ఆ రోజు నీకు జాబు రాయలేకపోయాను. రాస్తే ఇది కూడా రాయాలి. అందుకే జ్వరం లేదని రాశాను. అది అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

పాడు నోరు, మరిచిపోదు. వద్దనుకున్నా వస్తుంది. పొయ్యి దగ్గర, నమాజులో, ఎక్కడైనా. నమాజులో వస్తే భయమేసి మధ్యలో ఆపేస్తున్నాను. పోయిన వారం ఒకటి తోచింది. కాగితం కరిగిపోయింది గానీ మాటలు కరగలేదు. ఆ తల్లి పొలం నా నోట్లో ఉంది. నేను నోరు మూసుకుంటే రెండిళ్లు మునుగుతాయి.

ఖురాను చదవడం నేర్పారు గానీ రాయడం మనకెవరు నేర్పారు? అబ్దుల్ ఖుద్దూస్ హజ్రత్ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ముఖం మాడ్చుకోలేదు. నేను చెబుతుంటే ఆయన రాశాడు, మూడుసార్లు చదివించుకుని సరిచూశాడు. అన్నిసార్లూ ఒకేలా వచ్చింది. రాయడం అయ్యాక, "ఇందులో దేవుడి మాట మొదటి పంక్తి ఒక్కటే తల్లీ" అన్నాడు. అబద్ధం చెప్పి ఓదార్చలేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు అసలు విషయం. కాగితం వెనక కూడా రెండు పంక్తులున్నాయి. నీళ్లలో వేసేటప్పుడు చూశాను. వెనక ఉన్నది దువా కాదేమో, ఇమాం గారి ఊరు, పేరు అనుకుని ఒక్కసారి కూడా చదవలేదు. అవి పోయాయి. నాలుగు హద్దులన్నావు. నా దగ్గర ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఇది ఆలస్యం చేయకుండా పంపు. రెండు నెలలు నేనే తినేశాను.

అక్క


ఖైతాన్
9 ఆగస్టు 1982

అక్కా,

నిన్న అందింది. ఇవాళ పోస్టు చేశాను. యూనుస్ ఇచ్చిన రెండో కవరే. లోపల పెట్టేముందు చదివాను, అంటించాక కూడా దీపానికి ఎత్తి చూశాను. నేను తిట్టిన తిట్లు మరిచిపో. హజ్రత్ చేత్తో రాసిన ఆ జాబుకు అడుగున ఇమాం గారిచేత అరబ్బీలో నాలుగు మాటలు రాయించాను, ఏం జరిగిందో, తప్పు ఎవరిదో. తప్పు నాదనే రాయించాను.

నిన్న గోదాంలో తెలియకుండానే 'యెర్' అన్నాను. మద్దిలేటి ఏమిటని అడిగాడు. ఏమీ లేదన్నాను.

పీరా


ఖైతాన్
20 ఫిబ్రవరి 1983

అక్కా,

చింగ్‌హై నుంచి జాబు వచ్చింది. యూనుస్ తల్లి చెబుతుంటే మామ అరబ్బీలో రాశాడు. ఇమాం గారు ఉర్దూలో విడమరిచారు. నేను మసీదులోనే కూర్చుని తెలుగులో రాసుకున్నాను. ముందుగా చెడ్డమాట చెబుతాను, నువ్వు దాచిపెట్టడం ఇష్టపడవు. కాదు, ఇష్టపడతావు, నేనే ఇష్టపడను.

పొలం పోయింది. అక్టోబరు మొదటి వారంలో చీట్లు వేసి పంచేశారు. మన జాబుకు ఈసారి దారిలోనే మూడు నెలలు పట్టింది, చేరేసరికి పంపకమై నలభై రోజులు. ఆ ముక్క వేరే ఇంటికి పడింది. వీళ్లకు ఊరి చివర రాళ్ల నేల వచ్చింది. పెద్దలకు జాబు చదివి వినిపించారట. హద్దులు సరిగ్గా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, అయిపోయిందన్నారు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే అని ఆమె రాయలేదు. నేను అనుకుంటున్నాను.

ఆ జాబులో ఏముందో నువ్వు తెలుసుకోవాలి. ఇదీ అది. 'అమ్మా, నాన్న నన్ను నడిపించిన నేల ఇది. నేలకు తూర్పున రెండు అక్రోటు చెట్లు, ఒకటి పిడుగుకు చీలినది. నేలకు దక్షిణాన పిండిమర కాలువ. నేలకు పడమర తెల్లరాయి పాతిన గట్టు, అవతల టిబెట్ వాళ్ల దారి.' అక్కడితో నువ్వు చెప్పింది అయిపోయింది. 'యెర్' అంటే నేల అక్కా.

వెనక రాసింది నాలుగో హద్దే. దాని గురించి ఆమె ఇలా చెప్పింది. "ఉత్తరాన మావాళ్ల సమాధులు. అది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తల్లిని బాధపడవద్దని చెప్పు." మామ చదువుతుంటే అది అచ్చం యూనుస్ మాటతీరేనట. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే ఆగిందట. కొడుకు పోయినట్టు కంపెనీ వాళ్లు ముందే తెలియజేశారు. మన జాబు వచ్చిన రోజు నాలుగుసార్లు చదివించుకుందట.

ఇంకొకటుంది. రాయడానికి చేతులు రావడం లేదు. మేలో వాళ్లకు నీ దువా అందింది కదా. ఎందుకొచ్చిందో, ఎవరి కోసమో తెలియలేదు. కింద జీనత్ పేరు, నీ పేరు ఉన్నాయి. జబ్బుపడ్డ పిల్లెవరో అనుకుని, పేరు వచ్చాక చదవకుండా ఎలా ఉంటామని మసీదులో ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక అందరూ జీనత్ పేరు చెప్పి చదువుతున్నారట. ఈ జాబు రాసే రోజుకూ ఆపలేదు. అమ్మాయికి నయమైందా అని అడిగింది.

ఏం రాయమంటావు?

పీరా


రాయచోటి
12 మార్చి 1983

పీరా,

నిజమే రాయి. అబద్ధం నేనొకసారి రాసి చూశాను, ఆ జాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బిడ్డ మే పదిన పోయిందని రాయి. పోయేముందు ఆమె కొడుకు మాటలే వింటూ పడుకునేదని కూడా రాయి. ఆమెకు చూపు లేదు కదా, మామను నిదానంగా చదవమని చెప్పు.

పొలం పోయినందుకు నేను చాలా ఏడ్చాను. నా పొలం పోయినా అంత ఏడ్చేదాన్ని కాదు. బావ ఏమిటని అడిగాడు. అక్రోటు చెట్లు, కాలువ, తెల్లరాయి అన్నీ చెప్పాను. ఆయన విని, "పిడుగు పడిన చెట్టు కాస్తుందా?" అని అడిగాడు. నీకు తెలిస్తే రాయి.

మన ఆడవాళ్లను సమాధుల దగ్గరికి, ఖబరస్తాన్ లోపలికి పోనివ్వరు. శుక్రవారం గోడ బయట నిలబడతాను. ముందు కలిమా చదువుతాను, ఆ రోజు చదవనిది. తర్వాత ఆ చీనా మాటలు చదువుతాను. ఇప్పుడు భయం లేదు. హజ్రత్‌ను అడగలేదు, అడగను కూడా. ఆ హద్దులు అక్కడ ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి, నాకు ఇంకా నోటికి వస్తున్నాయి. తూర్పు చెబుతాను, దక్షిణం చెబుతాను, పడమర చెబుతాను, ఆగిపోతాను.

నాలుగోది నాకు రాదు. గోడ మీదుగా చూస్తే కనబడుతుంది.

బూట్లు పంపొద్దు. అక్కడే ఎవరి బిడ్డకైనా ఇవ్వు.

అక్క